లెక్కకు రాని పాట: కొరియా గాయక నటుడు లీ సుంగ్-గి

కొరియా పాప్ సంగీతం అనగానే బయటి ప్రపంచానికి గుర్తొచ్చేది ఒకే లయలో అడుగులు కదిపే యువ బృందాలే అయినా, ఆ దేశంలో దశాబ్దాలుగా ఇంటింటా వినిపిస్తున్నది మాత్రం వేరొక పాట. ఒక్క గాయకుడే మైకు ముందు నిలబడి, పియానో, వయొలిన్ల తోడుతో, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టి, చివరి చరణానికి గొంతును తారస్థాయికి తీసుకువెళ్లే ఈ విరహగీతాన్ని అక్కడివారు బ్యాలడ్ అంటారు. 1987లో ఒకే ఒక్క ఆల్బమ్ విడుదల చేసి, ఆ ఏడాదే కారు ప్రమాదంలో పాతికేళ్ల వయసుకు కన్నుమూసిన యూ జే-హా ఈ ప్రక్రియకు ఒక ప్రమాణాన్ని ఏర్పరచగా, తర్వాతి దశాబ్దంలో షిన్ సుంగ్-హున్ వంటివారు దానిని విపణిలో తిరుగులేని శక్తిగా నిలబెట్టారు. యూ జే-హా మరణించిన సంవత్సరమే సియోల్‌లో పుట్టిన లీ సుంగ్-గి ఈ సంప్రదాయం నుంచే వచ్చి, టెలివిజన్ నటుడిగా అంతకంటే పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

బ్యాలడ్‌కూ నటనకూ మధ్య బంధుత్వం అతడితో మొదలైంది కాదు. 1998లో జో సుంగ్-మో అనే కొత్త గాయకుడి తొలి పాటకు తీసిన దృశ్యరూపం ఒక చిన్న సినిమా వంటిది. అందులో లీ బ్యుంగ్-హున్ వంటి పేరున్న నటుడు కథానాయకుడిగా కనిపించగా, పాడిన మనిషి ముఖాన్ని మాత్రం కావాలనే దాచి ఉంచారు. ఆరేళ్లు తిరిగేసరికి ఈ క్రమం తారుమారైంది. 2000 తర్వాత ఇంటర్నెట్ విస్తరించి, పాటల డిస్కుల అమ్మకాలు కుప్పకూలడంతో, గాయకుడు కేవలం పాటతో బతకడం కష్టమైపోయింది. వాణిజ్య ప్రకటనలు, ధారావాహికలు, వినోద కార్యక్రమాలే రాబడి మార్గాలుగా మిగిలాయి. దాంతో గొంతుతో పాటు ముఖాన్ని కూడా జనంలోకి తీసుకెళ్లగలవారి కోసం నిర్వహణ సంస్థలు వెతకసాగాయి. గాయకుడి ఒప్పందాలు, ప్రచారం, రోజువారీ పనులు, ఆదాయపు లెక్కలు అన్నీ చూసే సంస్థ అక్కడ ప్రతి కళాకారుడి వెనుకా ఉంటుందన్న సంగతిని ఇక్కడే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అసలు చిక్కు తర్వాత అక్కడే పడింది.

పాఠశాల రోజుల్లో ఒక బృందంలో పాడుతుండగా లీ సుంగ్-గి గొంతు విని చేరదీసింది లీ సన్-హీ. 1984లో ఒక పాటల పోటీ ద్వారా వెలుగులోకి వచ్చి, కొరియాలో అత్యంత బలమైన స్త్రీ కంఠాలలో ఒకటిగా పేరు పొందిన ఆమె దగ్గర శిక్షణ ముగించుకుని, 2004లో, పదిహేడేళ్ల వయసులో అతడు తొలి ఆల్బమ్ తెచ్చాడు. అందులోని ప్రధాన గీతాన్ని రాసి స్వరపరిచినవాడు తర్వాతి కాలంలో 'గంగ్నమ్ స్టైల్'తో ప్రపంచమంతా మారుమోగిన సై. వయసులో తనకంటే పెద్దదైన యువతిని ఇక అక్కగా చూడలేనని ఒక కుర్రవాడు తెగించి చెప్పే ఆ పాట, గౌరవ సంబోధనల విషయంలో ఎంతో పట్టింపు ఉన్న కొరియా సమాజంలో సంచలనమైంది. అది పాటే గాని, నిజానికి ఒక పాత్ర కూడా. బిడియం, మొండితనం కలగలిసిన ఆ కుర్రవాణ్ణి కొద్ది నిమిషాల్లో నమ్మించగలగడమే అతడి మొదటి నటన అనవచ్చు. దేశమంతా అతణ్ణి తమ ఇంటి తమ్ముడిగా స్వీకరించింది.

2006లో కేబీఎస్ టెలివిజన్ వారాంతపు ధారావాహిక ఒకదానిలో, చిన్న వయసులోనే పెళ్లి చేసుకున్న యువకుడి పాత్ర దక్కింది. శని, ఆదివారాలలో నెలల తరబడి ప్రసారమయ్యే ఈ రకం కథలను కుటుంబంలోని మూడు తరాలూ కలిసి చూస్తాయి గనుక, పాటలు వినని పెద్దవారికి కూడా అతడు పరిచయమయ్యాడు. మరుసటి ఏడాది చేరిన 'ఒక రాత్రి రెండు రోజులు' అనే యాత్రా వినోద కార్యక్రమం ఆ పరిచయాన్ని చనువుగా మార్చింది. పల్లెలకు వెళ్లి, తినడానికి తిండి కోసం, పడుకోవడానికి గది కోసం ఆటల్లో పోటీపడే ఆ బృందంలో, చూడటానికి అన్నీ తెలిసినవాడిలా ఉండి తీరా పనిలోకి దిగితే తడబడే కుర్రవాడిగా అతడు అందరి అభిమానాన్నీ సంపాదించాడు.

అయితే అతణ్ణి కథానాయకుడిని చేసింది 2009లో ఎస్‌బీఎస్ ప్రసారం చేసిన 'బ్రిలియంట్ లెగసీ'. ఒక ఆహార సంస్థ యజమానురాలైన వృద్ధురాలు, దారిలో పడిపోయిన తనను ఎవరో తెలియకుండానే ఆదుకున్న పేద యువతికి ఆస్తి రాసివ్వాలని నిర్ణయిస్తుంది. వారసుడినని విర్రవీగుతున్న మనవడికి అది పిడుగుపాటు అవుతుంది. హాన్ హ్యో-జూ ఆ యువతి కాగా, లీ సుంగ్-గి ఆ మనవడు. మొదటి భాగాలలో అతడి అహంకారం కొంత పైపైనే ఉన్నట్టు తోస్తుంది, కనుబొమలు ముడిపడతాయి గాని కళ్లు కటువుగా మారవు. కాని కథ సగానికి వచ్చి, తన కోపం వెనుక తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడి దుఃఖం ఉందని తెలిసే ఘట్టాలలో ఆ మెత్తదనమే పాత్రకు ప్రాణమవుతుంది. ఇరవై ఎనిమిది భాగాలు ముగిసేసరికి వీక్షకుల శాతం 47 దాటింది. టెలివిజన్ ఉన్న మొత్తం ఇళ్లలో ఆ సమయంలో ఎంత శాతం ఈ కార్యక్రమం చూస్తున్నాయో చెప్పే ఈ కొలత, ఓటీటీల కాలంలో పది దాటితే చాలు, ఘనవిజయంగా లెక్కకు వస్తోంది.

తర్వాతి నాలుగేళ్లు వరుస విజయాలే. తొమ్మిది తోకల నక్క మనిషి రూపం దాల్చుతుందన్న కొరియా జానపద విశ్వాసాన్ని హాస్యప్రేమకథగా మలచిన 2010 నాటి 'మై గర్ల్‌ఫ్రెండ్ ఈజ్ ఎ గుమిహో'లో షిన్ మిన్-ఆ సరసన నటించడమే కాక, అందులో పాటలు కూడా పాడాడు. 2012లో, రాజరికం ఇంకా కొనసాగుతున్నట్టు ఊహించిన దక్షిణ కొరియాలో ఉత్తర కొరియా సైనికాధికారిణిని వరించే రాకుమారుడయ్యాడు. మరుసటి సంవత్సరం 'గు ఫ్యామిలీ బుక్'లో సగం మనిషి, సగం మానవాతీత జీవి పాత్ర ధరించాడు. నేపథ్యగానానికి అలవాటుపడిన తెలుగు ప్రేక్షకులకు కథానాయకుడే గాయకుడు కావడం అరుదుగా తోచవచ్చు గాని, కొరియాలో ధారావాహిక పాత్రలు పాడవు, పాట నేపథ్యంలో వినిపిస్తుంది; కాబట్టి గాయకుడికి నటనలో తన గొంతు నేరుగా అక్కరకు రాదు. అక్కరకు వచ్చేది ఊపిరి మీద పట్టు. దుఃఖ సన్నివేశాలలో అతడు గొంతు పెంచడు. బ్యాలడ్ మొదటి చరణంలో లాగే మాటను ఊపిరిలోకి తగ్గించి, వాక్యం చివర చిన్న విరామం ఇస్తాడు.

దేశంలోని యువకులందరిలాగే తప్పనిసరి సైనిక సేవకు 2016 ఫిబ్రవరిలో వెళ్లి, ప్రత్యేక దళంలో పనిచేసి, 2017 అక్టోబరు చివర తిరిగివచ్చాడు. విమాన ప్రమాదంలో చనిపోయిన సోదరుడి కొడుకు కోసం నిజాన్ని వెతుకుతూ బయలుదేరే స్టంట్ కళాకారుడిగా 2019లో 'వాగబాండ్'లో నటించగా, నెట్‌ఫ్లిక్స్ ద్వారా అది భారతీయ ప్రేక్షకులకూ చేరింది. ఆ భారీ పోరాటాల కంటే 2021 నాటి 'మౌస్' విలువైనదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. పక్షికి కూడా సాయం చేసే అమాయక కానిస్టేబుల్‌గా మొదలై, కథ ముందుకు సాగేకొద్దీ తన మనసును తానే నమ్మలేని స్థితికి చేరే ఆ పాత్రలో, పదిహేడేళ్లుగా ప్రజలకు అలవాటైన ఆ తమ్ముడి చిరునవ్వునే అతడు భయం పుట్టించే ఆయుధంగా వాడుకున్నాడు. విమర్శకులు అతణ్ణి చాలాకాలం సులభమైన పాత్రల నటుడిగా చూశారు. ఆ అంచనాను ఈ ఒక్క పాత్ర తప్పని తేల్చింది.

ఇంత జరిగినా గాయకుడి కథ ఆగిపోలేదు, పక్కకు మాత్రం జరిగింది. 2020లో మొదలైన 'సింగ్ ఎగైన్' అనే పోటీలో, ఒకప్పుడు పాడి మరుగునపడిన గాయకులు పేర్లు లేకుండా కేవలం అంకెలతో వేదిక ఎక్కుతుంటే, వారిని పరిచయం చేసే వ్యాఖ్యాతగా అతడు నిలిచాడు. రెండేళ్లు గడిచేసరికి అతడి పాటలకే లెక్క లేదన్న సంగతి బయటపడింది. 2022 నవంబరులో, తొలినాటి నుంచీ తనను నిర్వహిస్తున్న హుక్ ఎంటర్‌టైన్‌మెంట్‌ను సంగీత ఆదాయపు లెక్కలు చూపమని అతడు అధికారికంగా కోరాడు. పద్దెనిమిదేళ్లలో పాడిన 137 పాటల రాబడిలో అతడి వాటా అందలేదని కొరియా పత్రికలు రాశాయి. నటన, ప్రకటనల సొమ్ము అందుతుండటంతో, పాటల లెక్క ఏమైందన్న ప్రశ్నకు అన్నేళ్లూ తావు లేకపోయింది. కళాకారులకు న్యాయం జరగాలని, ఒప్పంద కాలం ఏడేళ్లకు మించరాదని అక్కడి వాణిజ్య నియంత్రణ సంఘం 2009లోనే నమూనా ఒప్పందం రూపొందించినా, లెక్కలు చూపే విషయంలో లోపం ఎంత లోతుగా ఉందో ఈ వివాదం చాటింది.

సంస్థ సుమారు 500 కోట్ల వోన్లు చెల్లించి, ఇక బాకీ లేదని తేల్చమంటూ కోర్టుకు వెళ్లింది. అందిన సొమ్మంతా దానం చేస్తానని ప్రకటించిన లీ సుంగ్-గి, ఆ డిసెంబరులోనే 200 కోట్ల వోన్లు, అంటే దాదాపు 13 కోట్ల రూపాయలు, సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ పిల్లల ఆసుపత్రికి ఇచ్చాడు. అదే నెలాఖరున, సినిమా పాత్ర కోసం గుండు చేయించుకున్న తలతోనే వేదిక ఎక్కి, కేబీఎస్ నటనా పురస్కారాలలో అత్యున్నతమైనదాన్ని మరో నటుడితో కలిసి అందుకున్నాడు. 2025 ఏప్రిల్‌లో సియోల్ న్యాయస్థానం, సంస్థ ఇంకా 58 కోట్ల వోన్లకు పైగా అతడికి చెల్లించాలని తీర్పు చెప్పింది.

'వాగబాండ్' ద్వారా మాత్రమే అతణ్ణి ఎరిగిన పాఠకులు, 2012 చివర 'ఎపిటోన్ ప్రాజెక్ట్' అనే పేరుతో రచనలు చేసే సంగీతకారుడు అతడి కోసం కూర్చిన 'రిటర్న్' అనే పాటను ఒక్కసారి వినాలి. భాష తెలియకపోయినా ఫరవాలేదు, ఆ గొంతు ఎంత శ్రమతో తయారైందో చెవికే తెలుస్తుంది.