తట్టి చెప్పడమా, వెంటబడి చెప్పడమా?

ఆఫీసు కాగితాలతో పొద్దుపుచ్చేవారికి రిమైండరు అన్నమాట కొత్తది కాదు. జాబుకు సమాధానం రాకపోతే మొదటి రిమైండరు, ఆ పైన రెండవది, మూడవది. అయితే అందులో ఒక మర్యాద వుంది. గుమాస్తా పాత ఫైలు వెదకాలి, నెంబరూ తేదీ వేసి వ్రాయాలి. శ్రమ వుంది గనుక ఊరికే ఎవరూ వ్రాయరు. ఫోనులో నిమిషానికొకసారి మ్రోగే నోటిఫికేషన్లకు ఆ శ్రమ లేదు, అందుకే వాటికి అంతూ లేదు.

ఇంగ్లీషువారు దీనిని 'నడ్జ్' అంటారు. మోచేత్తో మెల్లగా తట్టడమన్నమాట. అమెరికాలో రిచర్డ్ థేలర్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు, కాస్ సన్‌స్టీన్ అనే న్యాయశాస్త్ర పండితుడు కలిసి 2008లో ఈ పేరుతోనే పుస్తకం వ్రాశారు. థేలరుకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. బలవంతపెట్టకుండా మనిషిని మంచివైపు తట్టవచ్చునని వారి వాదం. వద్దనుకున్నవాడు సులభంగా వద్దనగలగాలి, అదీ షరతు. వ్యాపారులు మాటను పుచ్చుకున్నారు గాని షరతును గుమ్మంలోనే వదిలేశారు.

మంచి తట్టుడుకు ఉదాహరణ ఒడిషాలోని మన పాఠకులకు తెలిసే వుంటుంది. 2016 జనవరిలో కేంద్రప్రభుత్వం 'కిల్కారీ' అనే ఏర్పాటును మొదట ప్రారంభించిన రాష్ట్రాలలో ఒడిషా ఒకటి. గర్భిణికి నాలుగవ నెలనుంచి, బిడ్డకు ఏడాది నిండేవరకు, వారానికొకసారి ఉచితంగా ఫోను వస్తుంది. మొత్తం 72 మాటలు. టీకా ఎప్పుడు, తిండి ఏమిటి అని చెప్పి పెట్టేస్తుంది. మామూలు ఫోను చాలు, చదువు రానక్కరలేదు. శ్రీకాకుళం వైపునుంచి బరంపురానికి కొత్తగా వచ్చిన కోడలికి ఆ ఒడియా మాటలు ఎవరైనా విడమర్చి చెప్పాలి, అంతే.

ఇక రెండవ రకం. కొనకుండా వదిలేసిన చీర గురించి ముమ్మారు గుర్తుచేసేవి, అడగని అప్పు యిస్తామనేవి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు పోకడలను నిషేధించింది. ఇలా పదేపదే విసిగించడం వాటిలో ఒకటి. సిగ్గుపరచి ఒప్పించడం మరొకటి. విమానం టిక్కెట్టుతో భీమా వద్దంటే "నేను రక్షణ లేకుండానే వుంటాను" అని మనచేతనే అనిపించడం అటువంటిది. ఎంత తెలివి!

విసుగుకంటె పెద్ద నష్టం వేరే వుంది. ఫోను మ్రోగగానే వేలు కదపడం అలవాటయినవారికి నిజమేదో, దొంగేదో చూసే తీరిక వుండదు. 2022లో "బిల్లు కట్టలేదు, ఈ రాత్రి 9-30కి కరెంటు తీసేస్తాం, ఈ నెంబరుకు ఫోను చేయండి" అని దేశమంతటా దొంగ సందేశాలు వచ్చాయి. ఫోను చేసినవారిలో ఎందరో బ్యాంకులో డబ్బు పోగొట్టుకున్నారు. అటువంటిది జరిగితే వెంటనే 1930కు ఫోను చేయాలి, ప్రతి నిమిషమూ విలువైనదే.

వ్యాపారపు కాల్సు, మెసేజీలు ఆపించడానికి 1909 వుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 మొదలు, కొత్తగా పెట్టుకున్న ఏ యాప్ అయినా నోటిఫికేషన్లకు మన అనుమతి అడగవలసిందే. చాలామంది చదవకుండా సరే అనేస్తారు. వద్దనడానికీ అంతే శ్రమ.

మేము ఒక ఆదివారం కూర్చుని ఇంట్లో ఫోన్లన్నీ వడగట్టాము. మందుల గంట, బ్యాంకు సందేశం, గ్యాసు కబురు మిగిలాయి. నాలుగవది పిల్లవాడి తెలుగు పాఠానికి సాయంత్రం ఏడింటికి మ్రోగేది. బడిలో వాడికి కన్నడం, ఇంగ్లీషే. తెలుగు అక్షరాలు ఇంటిదగ్గర దిద్దితేనే. గంట వల్లనే కూర్చుంటున్నాడని వాళ్ళమ్మ అంటుంది. గంటకు కూర్చునేవాడు గంట లేకపోతే లేచిపోతాడని తాతగారంటారు. వారిద్దరి వాదం తెగలేదు గనుక ప్రస్తుతానికి గంటను మూడురోజులు వుంచి, నాలుగురోజులు ఆపుతున్నాము.