బొమ్మ రంగు ఎందుకు ఊడుతుంది?

తిరుపతిలో అమ్మే ఎర్రచందనం బొమ్మలను మీరు చూసే ఉంటారు. ఎంత అరిగినా వాటి ఎరుపు పోదు. కారణమేమిటో తెలుసా? అది పైన పూసిన రంగు కాదు. శేషాచలం కొండల్లో పెరిగే ఈ చెట్టు చేవలోనే శాంటాలిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. పైపొర అరిగితే కింద మళ్లీ ఎరుపే!

మరి ప్లాస్టిక్ వీరుడి బొమ్మకు మీరు వేసిన రంగు నాలుగు రోజులకే మోచేతుల దగ్గర పెచ్చులుగా లేస్తుందేం? ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది. చెక్కలా రంగును పీల్చుకోదు. పైగా చేతి జిడ్డు రంగుకూ బొమ్మకూ మధ్య అడ్డు నిలుస్తుంది. కదిలే కీళ్ల దగ్గర రాపిడి మరీ ఎక్కువ.

అందుచేత ముందు బొమ్మను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. సన్నని ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దండి. అప్పుడు ఏర్పడే సన్నని గీతలు రంగుకు పట్టునిస్తాయి. కీళ్ల దగ్గర కాస్త ఎక్కువ రుద్దితే రంగు పొరకు చోటు దొరుకుతుంది. తర్వాత ప్లాస్టిక్‌కు తగిన ప్రైమరు పూసి, అక్రిలిక్ రంగును పలచగా రెండు మూడు పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి! చివరగా వార్నిష్ పూత వేస్తే, అరిగేది ముందుగా అదే.

ఒక జాగ్రత్త: పాత డబ్బాల్లోని రంగులు వాడకండి. వాటిలో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్లకు వాడే రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదని మన దేశంలో 2017 నుంచి నిబంధన అమలులో ఉంది. మీరు రంగు వేసిన బొమ్మను చంటిపిల్లల నోటికి అందనీయకండి.