గణకయంత్రములోని గడియ లెక్క

పూర్వము మన దేశమున కాలమును కొలుచుటకు ఘటికాయంత్రమను సాధన ముండెడిది. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై తేలనిచ్చెడివారు. నీరు మెల్లగా లోనికెక్కి గిన్నె మునిగినప్పుడు ఒక గడియ గడచినట్లు లెక్క. గడియ యనగా 24 నిమిషములు. దినమునకు 60 గడియలు. గిన్నె ప్రతిసారియు సమానమైన కాలములో మునుగవలయును. ఎన్ని మారులు మునిగినదో లెక్కించువాడు ఏమరుపాటు లేక యుండవలయును. ఈ రెండును కుదిరిననే ఆ లెక్క సరియగును. నేటి కంప్యూటరునందు కాలమును కొలుచు పద్ధతియు ఇట్టిదే.

కంప్యూటరులో ఆజ్ఞలను నెరవేర్చు భాగము ప్రాసెసరు. అది ఒక తాళమున కనుగుణముగ పనిచేయును. క్వార్ట్జు స్ఫటికపు కంపనముల ఆధారముగ పుట్టు విద్యుత్ స్పందనలే ఆ తాళము. మూడు గిగాహెర్ట్జుల ప్రాసెసరులో సెకనునకు 300 కోట్ల స్పందనలు కలుగును. ప్రాసెసరులోపల అంకెలను నిలుపుకొను చిన్న అరలు గలవు. వానికి రిజిస్టరులని పేరు. 1993వ సంవత్సరమున ఇంటెల్ సంస్థ వెలువరించిన పెంటియం ప్రాసెసరులో స్పందనలను లెక్కించుటకే ఒక రిజిస్టరు నేర్పరచిరి. దానిని టైమ్ స్టాంప్ కౌంటరందురు. అది సున్నతో మొదలై స్పందనకు ఒకటి చొప్పున పెరుగుచుండును. దాని పరిమాణము 64 బిట్లు. 32 బిట్లే యుండినచో, పైన చెప్పిన వేగమున సెకనున్నరలోపలనే నిండి మరల సున్నకు వచ్చెడిది. 64 బిట్లు నిండుటకో, 190 ఏండ్లకు పైగా పట్టును.

ఒక ప్రోగ్రాము 50,000 పేర్లను అకారాదిక్రమమున అమర్చుచున్న దనుకొనుడు. పనికి ముందు రిజిస్టరును చదువగా 5 కోట్లు, పని ముగిసిన పిదప చదువగా 8 కోట్లు కనబడినవి. భేదము 3 కోట్లు. దానిని 300 కోట్లచే భాగించినచో సెకనులో నూరవ వంతు వచ్చును. పేర్లనమర్చు రెండు పద్ధతులలో ఏది మేలో ఇట్లు తేల్చవచ్చును. రిజిస్టరును చదువుటకు కొలది పదుల స్పందనల కాలమే చాలును గనుక, మిక్కిలి చిన్న పనులను గూడ కొలువవచ్చును.

అయినను ఇందు కొన్ని చిక్కులు గలవు. విద్యుత్తును పొదుపు చేయుటకై ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనుచుండును. పాతవానిలో దానితోపాటు లెక్కయు నెమ్మదించెడిది. వేగము సగమైనచో ఆ 3 కోట్ల స్పందనలకే సెకనులో ఏబదియవ వంతు పట్టును. ఇది యెరుగనివాడు నూరవ వంతనియే తలచి మోసపోవును. మంచి పద్ధతిని విడిచి చెడ్డదానిని చేపట్టవచ్చును. తరువాతి ప్రాసెసరులలో వేగము మారినను లెక్క ఒకే తీరున సాగునట్లు దిద్దిరి. అట్టి లెక్క గడచిన కాలమును తెల్పునే కాని ప్రాసెసరు వేసిన అడుగులను తెల్పదు.

రెండవ చిక్కు వేరు. ప్రాసెసరు తొందరలో ఆజ్ఞలను వ్రాసిన వరుసలో గాక ముందువెనుకలుగ నెరవేర్చును. పని ముగియకమునుపే రిజిస్టరును చదివివేయవచ్చును. అందుచే, ముందటి ఆజ్ఞలు ముగియువరకు నిలుపు ప్రత్యేకమైన ఆజ్ఞను నడుమ నుంచవలయును. ఒకటికంటె ఎక్కువ ప్రాసెసరులు గల కొన్ని పాత యంత్రములలో ఒకదాని లెక్క మరియొకదానితో సరిపడదు. ఒకదానిపై మొదలిడిన కొలతను వేరొకదానిపై ముగించుట తగదు. నడుమ ఇతర ప్రోగ్రాములు అడ్డుపడుటయు గలదు. కావున ఒక పనిని పెక్కుమారులు కొలిచి, వానిలో మిక్కిలి తక్కువైన ఫలితమును గ్రహించుట ఒక మంచి అలవాటు.

యంత్రము స్పందనలనే లెక్కించును; కాలమును గ్రహించువాడు మానవుడే. గిన్నె మునిగినదని చెప్పుట సులభము. దాని రంధ్రము సరిగానున్నదా యని ముందుగ పరీక్షించినవాని మాటయే నమ్మదగినది.