రోగి రహస్యం ఒక అమానత్

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరిన రోజులు మనకింకా గుర్తే. లోతట్టు వీధిలో ఉండే మా ఖాలా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. పెట్టె అడుగున దాచుకున్న ఆసుపత్రి చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు తడిసి ముద్దయ్యాయి. తర్వాత కొత్త డాక్టరు "ఇంతవరకు ఏ మందులు వాడారమ్మా?" అని అడిగితే, "పొద్దున తెల్ల బిళ్ళ, రాత్రి పచ్చ బిళ్ళ" అన్నది. ఆయన మాత్రం ఏం చేస్తాడు? పరీక్షలన్నీ మళ్ళీ రాశాడు. ఖర్చు మళ్ళీ మొదలైంది.

ఇటువంటి ఇబ్బందికి కంప్యూటర్ చిట్టా మంచి విరుగుడే. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద, కోరినవారికి 14 అంకెల 'ఆభా' నంబరు ఇస్తారు. ఏ ఆసుపత్రి వివరాలు ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. రోగి అనుమతిస్తేనే మరో డాక్టరు చూడగలడు. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినా, అక్కడివారు వైద్యానికి భద్రాచలం వస్తూనే ఉన్నారు. రాష్ట్రం హద్దు దాటినా వెంట వచ్చే చిట్టా వారికెంత మేలో ఆలోచించండి. పెన్సిలిన్ పడదన్న ఒక్క మాట ప్రాణం నిలబెట్టవచ్చు.

మరి నష్టం లేదా? ఉంది. 2023 జులై 1న సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలై, గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ఫలితం ముందే తెలియడం అవసరమే. కాని అదే మాట ఊళ్ళో పొక్కితే ఒక ఆడపిల్ల సంబంధం చెడిపోవచ్చు. క్షయ రోగి సంగతీ అంతే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దాడి జరిగి, అక్కడ రోజుల తరబడి పనులు చేతిరాతతో నడిపారు. అంత పెద్ద ఆసుపత్రికే అలా జరిగితే చిన్నవాటి మాటేమిటి? పైగా మన అడవి పల్లెల్లో ఫోన్ సిగ్నలే సరిగా అందదు.

కాబట్టి సోదరసోదరీమణులారా, 'ఆభా' తప్పనిసరి కాదని తెలుసుకోండి. తీసుకుంటే మీ ఇంటివారి ఫోన్ నంబరే ఇవ్వండి, పరాయివారిది వద్దు. ఓటీపీ చెప్పేముందు ఏ రిపోర్టు, ఎవరికి, ఎన్నాళ్ళు చూపాలో అడగండి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. కాగితాలనూ ప్లాస్టిక్ కవరులో భద్రపరచండి.

రోగి చెప్పుకున్న బాధ డాక్టరు దగ్గర అమానత్. అది కాగితం మీదున్నా, కంప్యూటర్‌లో ఉన్నా, కాపాడవలసిన బాధ్యత ఒక్కటే.