బస్సు ఇంజిన్‌ని ఆపే ఏఎన్‌సీ, పక్క సీటు రీల్‌ని ఎందుకు ఆపలేకపోతోంది?

ఏఎన్‌సీ ఇయర్‌బడ్స్ రివ్యూ ఏది రాసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "బ్రో, బస్సులో ఇంజిన్ సౌండ్ మొత్తం పోయింది, సూపర్. కానీ పక్కనోడి ఫోన్‌లో రీల్స్ మాత్రం ముందుకంటే క్లియర్‌గా వినిపిస్తున్నాయి. పీస్ డిఫెక్టా, రీప్లేస్‌మెంట్ పెట్టాలా?" అని.

డిఫెక్ట్ కాదు. రీప్లేస్‌మెంట్ పెట్టినా కొత్త పీస్‌లోనూ అలాగే ఉంటుంది. ఐదువేలదైనా పాతికవేలదైనా తేడా కొంచెమే. ఎందుకో అర్థమైతే, బస్సుల్లో మెట్రోల్లో మనం రోజూ పడే ఈ స్పీకర్ గోల గురించి సగం విషయం అర్థమైనట్టే.

ఏఎన్‌సీ చేసేది సింపుల్. బయటి శబ్దాన్ని మైక్‌తో విని, దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే వేవ్‌ని తయారు చేసి చెవిలోకి వదులుతుంది. రెండూ కలిసి క్యాన్సిల్ అవుతాయి. టైమింగ్ కుదరాలి, అంతే. బస్సు ఇంజిన్ గుర్రుమనే సౌండ్ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉందనుకోండి, దానికి ఒక్క సైకిల్ 10 మిల్లీసెకన్లు. పైగా మారకుండా అదే పనిగా మోగుతుంది. చిప్‌కి బోలెడంత టైం. అదే 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ మిల్లీసెకన్‌లో మూడో వంతే. అక్కడ టైమింగ్ కాస్త అటూ ఇటూ అయినా క్యాన్సిల్ కాదు, ఒక్కోసారి కొత్త సౌండ్ తోడవుతుంది. అందుకే సుమారు 1 కిలోహెర్ట్జ్ దాటాక ఏ కంపెనీ అయినా ఏఎన్‌సీని మెల్లగా వదిలేసి, పని సిలికాన్ టిప్స్‌కి అప్పగిస్తుంది.

ఇప్పుడు ఫోన్ స్పీకర్ సంగతి చూడండి. అగ్గిపెట్టె మూలంత ఉండే స్పీకర్ గాలిని ఎంతని తొయ్యగలదు? కింది బేస్ దాదాపు రాదు. ఫ్రీగా దొరికే స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ వేసి ఇంకో ఫోన్‌లో పాట పెట్టి చూడండి, గ్రాఫ్ ఎడమ వైపు ఖాళీగా ఉంటుంది, ఎత్తంతా 1 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యే. మన చెవికి అన్నిటికన్నా బాగా వినిపించే రేంజ్ కూడా సరిగ్గా అదే. చెవి గొట్టం ఆకారమే 3 కిలోహెర్ట్జ్ దగ్గర సౌండ్‌ని పెంచుతుంది. చంటిపిల్లల ఏడుపు అంత గట్టిగా తగలడానికి అదో కారణం.

అంటే జరుగుతున్నది ఇదీ. రీల్‌ని కొంతైనా కప్పేస్తున్నది ఇంజిన్ సౌండే. ఆ ఇంజిన్‌ని మన ఏఎన్‌సీ తీసేసింది. ఇక మిగిలింది రీల్ ఒక్కటే. మనం డబ్బులిచ్చి మరీ పక్కనోడి ఫోన్‌కి సైలెంట్ రూం కట్టించామన్నమాట.

(ఒక్క ఉపాయం మాత్రం ఉంది. బాక్స్‌లో వచ్చే మూడు సైజుల టిప్స్‌లో మీడియం పెట్టేసి మిగతావి డ్రాయర్‌లో పడేస్తాం కదా, ఒకసారి పెద్దవి పెట్టి చూడండి. హై ఫ్రీక్వెన్సీని ఆపేది అవే. టిప్స్ లేకుండా చెవిలో ఊరికే కూర్చునే టైప్ బడ్స్ అయితే ఆ ఆశ కూడా లేదు.)

ఇంతా చేసి సమస్య డెసిబెల్స్ ఒక్కటే కూడా కాదు. 2010లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఇద్దరు మాట్లాడుకోవడం విన్నప్పటికంటే, ఫోన్‌లో ఒక్కరి మాటలే విన్నప్పుడు పక్కనున్నవాళ్ల ఏకాగ్రత ఎక్కువగా దెబ్బతింటోందని తేలింది. అవతలి సగం ఏమై ఉంటుందా అని మెదడు ఊహిస్తూ కూర్చుంటుందట. రీల్స్‌తో నాకు అంతకన్నా చిరాకు. ఒకటి మొదలయ్యేలోపు ఇంకొకటి. డైలాగ్ సగంలో కట్, పాట పల్లవిలో కట్, ఎవరో నవ్వి కట్. ఇంట్లో ఫ్యాన్ సౌండ్‌కి అలవాటు పడతాం గానీ దీనికి ఎవరూ అలవాటు పడలేరు.

ఫోన్‌ని ఇలా తయారు చేసిందెవరు?

"జనానికి సివిక్ సెన్స్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఈజీ. సివిక్ సెన్స్ లేని మహానుభావులు ఉన్నారు, కాదనను. కానీ గాడ్జెట్స్ గురించి రాసేవాడిగా నాకు ఇంకొకటి కనిపిస్తుంది. గత పదేళ్లలో ఫోన్ డిజైన్‌లో జరిగిన ఒక్కో మార్పూ సౌండ్‌ని చెవిలోంచి తీసి బయటికి నెట్టింది.

2016 సెప్టెంబర్‌లో ఐఫోన్ 7 వచ్చింది. 3.5 ఎంఎం జాక్ తీసేసిన ఐఫోన్‌గా అందరికీ గుర్తుంది. స్టీరియో స్పీకర్లు వచ్చిన మొదటి ఐఫోన్ కూడా అదే. ఒక చేత్తో ఇయర్‌ఫోన్ దారి మూసి, ఇంకో చేత్తో స్పీకర్‌ని పెద్దది చేశారు. 2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12తో బాక్స్‌లో ఇచ్చే ఇయర్‌ఫోన్స్ కూడా పోయాయి. ఆండ్రాయిడ్ కంపెనీలు ముందు వెక్కిరించి తర్వాత అదే దారి పట్టాయి. మన దగ్గర బడ్జెట్ ఫోన్లలో జాక్ ఇంకా అక్కడక్కడా బతికుంది, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేర్ వైపు చూస్తే, ఫేస్‌బుక్ 2017 ఫిబ్రవరిలో ఫీడ్‌లోని వీడియోలు వాటంతటవే సౌండ్‌తో ప్లే అయ్యేలా మారుస్తున్నామని ప్రకటించింది. 2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అయితే, పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టా రీల్స్ ఇండియాలో దిగింది. సెప్టెంబర్‌కి యూట్యూబ్ షార్ట్స్. అన్నీ సౌండ్ ఉంటేనే అర్థమయ్యే వీడియోలు.

వీటన్నిటికన్నా నాకు పెద్ద తప్పుగా కనిపించేది సైలెంట్ మోడ్. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి, సైలెంట్‌లో పెడితే ఫోన్ సౌండ్ చేయదనే అనుకుంటారు. మాట అర్థమే అది కదా. కానీ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ సైలెంట్ ఆపేది ప్రధానంగా రింగ్‌టోన్‌నీ నోటిఫికేషన్లనీ. మీడియా వాల్యూమ్ జోలికి పోదు. సైలెంట్‌లో పెట్టి మరీ బస్సెక్కిన మనిషి, వాట్సాప్‌లో వచ్చిన వీడియో నొక్కగానే బస్సంతా మోగుతుంది. ఆయన కంగారుగా బటన్లు నొక్కేలోపు మనం ఆయన సివిక్ సెన్స్‌కి మార్కులు వేసేసి ఉంటాం. ఇది కుదరని పనేం కాదు. 2017లో ఫేస్‌బుక్ ఆ ప్రకటనలోనే, ఫోన్ సైలెంట్‌లో ఉంటే వీడియో సౌండ్ లేకుండానే ప్లే అవుతుందని చెప్పింది.

జపాన్‌లో సైలెంట్‌ని 'మేనర్ మోడ్' అంటారు. మర్యాద మోడ్. పేరులోనే ఎవరి కోసం పెడుతున్నామో ఉంది.

బ్లూటూత్‌తో ఇంకో తంటా. ఆండ్రాయిడ్ ఒక్కో ఔట్‌పుట్‌కి ఒక్కో వాల్యూమ్ గుర్తుపెట్టుకుంటుంది. స్పీకర్‌కి వేరు, బ్లూటూత్‌కి వేరు. రాత్రి ఇంట్లో వంట చేస్తూ స్పీకర్ ఫుల్‌లో పెట్టి పాటలు విన్నారనుకోండి, పొద్దున మెట్రోలో బడ్స్ చార్జ్ అయిపోగానే ఫోన్ తిరిగి వెళ్లేది ఆ ఫుల్ వాల్యూమ్‌కే.

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. 2021 నవంబర్‌లో కర్ణాటక హైకోర్టు చెప్పాక అక్కడి ఆర్టీసీ బస్సుల్లో ఫోన్ స్పీకర్ గట్టిగా పెట్టడాన్ని నిషేధించారు, వినకపోతే కండక్టర్ దించేయొచ్చు. 2022 జనవరిలో రైల్వే, రాత్రి 10 దాటాక ఇయర్‌ఫోన్స్ లేకుండా పాటలు పెట్టొద్దని ఆదేశమిచ్చింది. మెట్రోలకి 2002 నాటి చట్టంలో ఇతరులకు ఇబ్బంది కలిగించేవాళ్ల మీద సెక్షన్ 59 ఉంది. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని ఒక స్టేషన్‌లో స్పీకర్ ఆన్ చేసి మాట్లాడినందుకు ఒకాయనకి 150 యూరోల ఫైన్ పడి వార్తల్లోకెక్కింది. సాయంత్రం ఆరున్నరకి ఫుట్‌బోర్డ్ దాకా నిండిన సిటీ బస్సులో టికెట్లు కొట్టడమే గగనమైన కండక్టరమ్మ ఈ పని కూడా చేయాలంటే నాకు నమ్మకం లేదు. పైగా ఆవిడ ఎవర్ని అనగలదు? పనికెళ్లి వస్తున్న ముసలామెనే గానీ, గ్యాంగ్‌గా ఎక్కిన కుర్రాళ్లని కాదు.

ఆ ముసలామె గురించే చెప్పాలి. పోయిన నెల మియాపూర్ వైపు బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఫోన్ మొహానికి అడ్డంగా పట్టుకుని వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఫుల్ వాల్యూమ్‌లో వింటోంది. దుబాయ్ నుంచి కొడుకు. మోకాళ్ల నొప్పులకి ఏ మందు వాడుతున్నావ్, డబ్బులు అందాయా, అన్నీ బస్సు మొత్తానికి తెలిసిపోతున్నాయి. ముందు సీటులో మెడలో ఐడీ కార్డు వేసుకున్న అబ్బాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు కదండీ" అన్నాడు. అవ్వకి కోపం రాలేదు, సిగ్గుపడింది. నా వైపు తిరిగి "చిన్నగ పెడ్తె నాకు ఇనవడది బిడ్డా" అంది.

ఆవిడకి చదవడం రాదు. టైప్ చేయడం రాదు. కొడుకుతో మాట్లాడుకోవడానికి ఉన్నది ఆ వాయిస్ మెసేజ్ ఒక్కటే. ఆవిడ చేతికి రెండువేల బడ్స్ ఇచ్చి పెయిర్ చేసుకో, చార్జ్ పెట్టుకో, కింద పడకుండా చూసుకో అనడం కుదిరే పనా?

"అవ్వా, ఫోన్ మాట్లాడినట్టు చెవి దగ్గర పెట్టుకో" అన్నాను. అలా పెడితే వాట్సాప్ ప్రాక్సిమిటీ సెన్సర్‌తో గుర్తుపట్టి సౌండ్‌ని పై ఇయర్‌పీస్‌కి మార్చేస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఉన్న ఫీచర్. పెట్టుకుంది. పక్క సీట్లో ఉన్న నాకే మాట వినపడలేదు. "అగో, గిట్ల సుత వస్తదా!" అని మెసేజ్ మళ్లీ మొదటి నుంచి వింది. ఈసారి కళ్లు మూసుకుని.

అంత మంచి ఫీచర్ కట్టిన కంపెనీ, అది ఉందని ఆవిడకి ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు కోపం అక్కడ.

చేయగలిగినవి

శాంసంగ్ ఫోన్ వాడుతుంటే 'మోడ్స్ అండ్ రొటీన్స్'లో టైంని బట్టి మీడియా వాల్యూమ్ మార్చే రొటీన్ పెట్టొచ్చు. ఆఫీస్‌కి బయల్దేరే టైంకి సున్నా చేయమనండి. ఐఫోన్‌లో షార్ట్‌కట్స్ ఆటోమేషన్‌తో అదే పని అవుతుంది. బడ్స్ హఠాత్తుగా పోయినా సీన్ అవదు. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలో మీరే పెట్టివ్వండి, చెవి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ వినడం చూపించండి. రెండు నిమిషాల పని.

జాక్ లేని ఫోన్‌కి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ కొనిచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. చవక టైప్-సీ ఇయర్‌ఫోన్స్‌లో, కన్వర్టర్లలో కొన్నిటికి లోపల డీఏసీ ఉండదు. ఫోన్ టైప్-సీ పోర్ట్‌లోంచి అనలాగ్ ఆడియో రాకపోతే అవి మోగవు. జగదీష్ మార్కెట్‌లో బేరమాడి తెచ్చుకుని, పెట్టి, పనిచేయక పక్కన పడేసి మళ్లీ స్పీకర్‌కి వెళ్లినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి చూసి తీసుకోండి.

ఇక మనలో యాప్స్ రాసేవాళ్లకి ఒక మాట. మీరు ఇన్-వెహికల్ స్టేట్ వాడే ఉంటారు. ఆండ్రాయిడ్ యాక్టివిటీ రికగ్నిషన్ ఏపీఐ, మనిషి నడుస్తున్నాడా, సైకిల్ మీదున్నాడా, బండిలో ఉన్నాడా అని చెబుతుంది. మ్యాప్స్‌కీ ఫిట్‌నెస్ యాప్స్‌కీ పనికొస్తున్న ఆ సమాచారంతో, వాహనంలో ఉండగా స్పీకర్‌లో మొదటి వీడియో మ్యూట్‌లో మొదలుపెట్టి "సౌండ్ కావాలంటే నొక్కండి" అని అడగడం ఏ పెద్ద కంపెనీకైనా ఒక స్ప్రింట్ పని. చేయరు, ఎందుకంటే సౌండ్ లేకపోతే జనం స్క్రోల్ చేసి వెళ్లిపోతారేమోనని భయం.

అంత దూరం పోకపోయినా, ఇయర్‌ఫోన్ ఊడిపోయినా బ్లూటూత్ తెగిపోయినా ఆండ్రాయిడ్ యాప్స్‌కి ఒక కబురు పంపుతుంది. దాని పేరు 'యాక్షన్ ఆడియో బికమింగ్ నాయిజీ'. ఇప్పుడు గోల మొదలవబోతోంది, ప్లేబ్యాక్ ఆపు అని అర్థం. ఆ కబురు విని పాజ్ చేయాల్సింది యాప్. ఎక్సోప్లేయర్ వాడుతుంటే రిసీవర్ కూడా రాయక్కర్లేదు, 'సెట్ హ్యాండిల్ ఆడియో బికమింగ్ నాయిజీ' అని ఒక్క లైన్‌లో ట్రూ ఇస్తే చాలు. డీఫాల్ట్‌గా అది ఫాల్స్‌లో ఉంటుంది. మీ ప్రాజెక్ట్‌లో ఒకసారి సెర్చ్ చేసి చూడండి.