రెండవ భాష, వృద్ధాప్యంలో మెదడు: హైదరాబాద్ అధ్యయనాలు, యానాం అవసరాలు

యానాం: గౌతమీ గోదావరి తీరాన 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల యానాంలో ఒకటికి మించిన భాషలతో వ్యవహారం నడవడం తరతరాలుగా ఉన్నదే. ఇంటిలోనూ, మంగళవారం సంతలోనూ తెలుగు. 1954 వరకు ఫ్రెంచి వారి కచేరీలలో ఫ్రెంచి. పిదప పుదుచ్చేరితో ఉత్తరప్రత్యుత్తరాలకు ఆంగ్లం, అక్కడికి వెళ్ళివచ్చే వారికి కొంత తమిళం. ఇటువంటి భాషా వ్యవహారానికీ, వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యానికీ సంబంధం ఉన్నట్లు హైదరాబాద్ నాడీ శాస్త్ర పరిశోధకుల అధ్యయనాలు సూచించాయి.

డిమెన్షియా అనగా వయసుతో పాటు వచ్చే మామూలు మతిమరుపు కాదు. జ్ఞాపకశక్తి, మాట, ఆలోచన, ప్రవర్తన క్రమేపీ దెబ్బతిని, దైనందిన పనులు సొంతంగా చేసుకోలేని స్థితి. అల్జీమర్స్ వ్యాధి, మెదడు రక్తనాళాల లోపాలు ఇందుకు ముఖ్య కారణాలు. 2023లో ప్రచురితమైన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 సంవత్సరాలు, ఆపై వయసు గల వారిలో 7.4 శాతం మంది, అనగా సుమారు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నారు.

నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వాన వైద్యులు, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర ఆచార్యులు దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులు కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారు. ఏకభాషీయులలో సగటున 61.1 సంవత్సరాల వయసుకే వ్యాధి లక్షణాలు కనిపించగా, వీరిలో 65.6 సంవత్సరాలకు కనిపించాయి. తేడా నాలుగున్నర సంవత్సరాలు. ఈ ఫలితాలు 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వెలువడ్డాయి. చదువు రాని వారిలోనూ ఈ తేడా కనిపించడం అన్నిటికంటే గమనింపదగిన అంశం. అంటే దీనిని బడి చదువు ఫలితమని కొట్టివేయడానికి వీలు లేదు. మూడవ, నాలుగవ భాష వలన అదనపు ప్రయోజనం మాత్రం కనిపించలేదు.

అంతకు ముందు, 2007లో, కెనడాలోని టొరంటో పరిశోధకులు ఇటువంటి ఫలితాన్నే ప్రకటించారు. అయితే అక్కడి ద్విభాషీయులలో అనేకులు వలస వచ్చినవారు కావడంతో, తేడా భాష వలననా, వలస వలననా అన్న సందేహం మిగిలింది. తెలుగు, దక్కనీ, హిందీ, ఆంగ్లం ఒకే వీధిలో వినిపించే హైదరాబాద్‌లో రెండవ భాషకు వలస అవసరం లేదు. అధ్యయనానికి ఆ నగరం అనువైనది కావడానికి కారణం ఇదే.

రెండు భాషలు తెలిసిన వ్యక్తి మాట్లాడేటప్పుడు మెదడులో రెండూ మేల్కొని ఉంటాయి. సందర్భానికి తగినదానిని ఎంచుకుని, రెండవదానిని అదుపులో ఉంచవలసి ఉంటుంది. జీవితాంతం సాగే ఈ సాధన వలన మెదడుకు ఒక నిల్వశక్తి చేకూరుతుందని పరిశోధకుల భావన. వ్యాధి ఆగదు, లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. 608 మంది పక్షవాత రోగులపై ఇదే బృందం జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా నిలిచినవారు ద్విభాషీయులలో 40.5 శాతం, ఏకభాషీయులలో 19.6 శాతం.

ఈ ఫలితాలకు పరిమితులు లేకపోలేదు. ఇవి ఆసుపత్రికి వచ్చిన వారి వివరాలు. వ్యాధి ఎప్పుడు మొదలైనదీ కుటుంబసభ్యులు జ్ఞాపకం చేసుకుని చెప్పినదే. ఆరోగ్యవంతులను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన ఇతర దేశాల అధ్యయనాలన్నీ ఏకాభిప్రాయానికి రాలేదు. కనుక రెండవ భాషను వ్యాధి నివారణ మందుగా వార్తలలో పేర్కొనడం సరికాదు. పైగా ఈ అధ్యయనాలు హైదరాబాద్ రోగులపై జరిగినవే గాని యానాం వాసులపై కాదు.

యానాంకు వెంటనే ఉపకరించేది ఈ పరిశోధనలోని మరొక భాగం. రోగిని ఏ భాషలో పరీక్షించాలి? ఆంగ్ల ప్రశ్నావళిని తర్జుమా చేసినంత మాత్రాన చాలదు. పరిచయం లేని పేర్లు, చిరునామాలు గుర్తుపెట్టుకోమంటే ఆరోగ్యవంతుడైన వృద్ధుడు కూడా తడబడవచ్చు. అక్షరం రాని వ్యక్తిని చదవమనడం అర్థరహితం. అందుకే వైద్యులు, భాషాశాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు కలిసి కూర్చుని ప్రశ్నలను తిరిగి రూపొందించవలసి ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తయారైన పరీక్షా సామగ్రి తొలుత హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళం, తెలుగు భాషలలో రూపొందింది. అనగా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం, మాహే రెండింటి భాషలూ అందులో ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రంలోనూ ద్విభాషీయుల అవధానంపై పరిశోధనలు జరిగాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం యానాం జనాభా 55,626. ఇక్కడ జిప్మర్ బహుళ వైద్య విభాగాల సంప్రదింపు కేంద్రం 2024 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. తెలుగు తప్ప మరొక భాష రాని వృద్ధురాలు తమిళం లేదా ఆంగ్లం మాట్లాడే వైద్యుని ఎదుట సరిగా జవాబు చెప్పలేకపోతే, అది వ్యాధి లక్షణమో భాషా సమస్యో తేల్చడం కష్టం. తెలుగు పరీక్షా పత్రం వాడడం, రోగికి తెలిసిన భాషలను, పరీక్షించిన భాషను చీటీలో నమోదు చేయడం ఈ ఇబ్బందిని చాలావరకు తొలగించగలవు.

ఇంటిలోని పెద్దలు తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్కలో పదేపదే పొరబడడం, అడిగిన ప్రశ్ననే మరల మరల అడగడం గమనించినప్పుడు కుటుంబసభ్యులు వైద్యుని సంప్రదించవలెను. వయోవృద్ధుల జాతీయ సహాయవాణి సంఖ్య 14567.