ఆగిన చోటే రిపేరు

కోడ్ రాసేవాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే. ప్రోగ్రాం శుభ్రంగా కంపైల్ అవుతుంది. రన్ కొట్టాక మధ్యలో ఏదో ఒక లైన్ దగ్గర ఆగిపోతుంది. తప్పు మొదట్నుంచీ అక్కడే ఉంది, కానీ ఆ లైన్ దాకా వెళ్లేవరకూ బయటపడలేదు. మీ ఒంట్లోని కణాలు కూడా డీఎన్‌ఏకు తగిలిన దెబ్బల్లో కొన్నింటిని ఇలాగే పట్టుకుంటాయి. చదువుకుంటూ వెళ్లి, ఆగిన చోట బాగుచేసుకుంటాయి. ఈ రిపేరు ప్రొటీన్లకూ, జన్యువును చదివే యంత్రానికీ మధ్య బంధం ఎంత గట్టిదంటే, ఒకదానికి జబ్బు చేస్తే రెండోదీ మంచం పడుతుంది.

పదో తరగతితో బయాలజీకి దండం పెట్టేసిన ఎంపీసీ బ్యాచ్ కోసం రెండు ముక్కలు. జన్యువులో రాసి ఉన్నదాన్ని ఆర్‌ఎన్‌ఏగా కాపీ చేసుకుంటేనే కణం దాన్ని వాడుకోగలదు. ఈ కాపీ పనే ట్రాన్స్‌క్రిప్షన్. మన పాఠ్యపుస్తకాల్లో అనులేఖనం అని చదివే ఉంటారు. చేసేది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్. డీఎన్‌ఏకు రెండు పోగులుంటే, జన్యువు ఉన్న చోట అది ఒక్క పోగునే చూసి కాపీ కొడుతుంది. దాన్ని టెంప్లేట్ పోగు అంటారు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పాలిమరేజ్ అక్కడికొచ్చి ఇరుక్కుంటుంది. వెనకొచ్చేవీ ఆగిపోతాయి. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర చిక్కుకున్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దెబ్బల్ని వెతకడానికి కణంలో రెండు దారులున్నాయి. ఒకటి, ఎక్స్‌పీసీ అనే ప్రొటీన్ మొత్తం డీఎన్‌ఏను తడుముకుంటూ పోయి, వంకర కనిపించిన చోట అంటుకోవడం. మన భాషలో ఇది కోడ్‌ను రన్ చేయకుండా స్కాన్ చేయడం లాంటిది. రెండోది రన్‌టైమ్ పద్ధతి. ఇరుక్కున్న పాలిమరేజే అలారం. సీఎస్‌బీ అనే ప్రొటీన్ దాని వెనక డీఎన్‌ఏను పట్టుకుని ముందుకు నెట్టి చూస్తుంది. చిన్న అడ్డయితే దాటేస్తుంది. దాటలేదా, రిపేరు బృందం మొత్తం వచ్చేస్తుంది. దెబ్బ తగిలిన చోట దాదాపు 30 అక్షరాల ముక్కను కత్తిరించి పారేసి, ఎదురు పోగును చూసి కొత్తది నింపుతుంది.

దీన్ని మొదట పసిగట్టింది స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ హనవాల్ట్ బృందం. వాడుకలో ఉన్న జన్యువు మిగతా డీఎన్‌ఏ కంటే త్వరగా రిపేరవుతోందని 1985లో చిట్టెలుక జాతి హ్యామ్‌స్టర్ కణాల్లో చూశారు. రెండేళ్లకు ఇంకో సంగతి తేలింది. ఆ తొందరంతా టెంప్లేట్ పోగు మీదే! చదవని పోగుది నిదానమే.

ఇదంతా ల్యాబ్ ముచ్చటేగా అనుకోకండి. రెండు జబ్బుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఎక్స్‌పీసీ లోపంతో పుట్టిన పిల్లలకు జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వ్యాధి వస్తుంది. ఎండ పొడ తగిలితే చాలు, చర్మ క్యాన్సర్ ముప్పు మామూలువాళ్ల కంటే వేల రెట్లు ఎక్కువ. ఇక సీఎస్‌బీ లోపం ఉంటే వచ్చేది కాకేన్ సిండ్రోమ్. ఆ పిల్లలకూ ఎండ పడదు, కానీ చర్మ క్యాన్సర్ మాత్రం రాదు. ఎదుగుదల ఆగిపోతుంది, చూపూ వినికిడీ తగ్గుతాయి, మెదడు దెబ్బతింటుంది, పసితనంలోనే ముసలితనం ముంచుకొస్తుంది. అదే ఎండ, అదే దెబ్బ. ఫలితం మాత్రం ఇంత తేడా!

ఎందుకలా? 1982లోనే ఒక ఆధారం దొరికింది. అతినీలలోహిత కాంతి తగిలాక ఏ కణంలోనైనా ఆర్‌ఎన్‌ఏ తయారీ పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం కొన్ని గంటల్లో తేరుకుంటుంది. కాకేన్ కణాలు తేరుకోవు. అంటే అక్కడ సమస్య కోడ్‌లో తప్పు మిగిలిపోవడం కాదు, సర్వర్ మళ్లీ లేవకపోవడం. క్యాన్సర్‌కు తప్పుడు అక్షరాలు కావాలి. మెదడు కణం చావడానికి చదువు ఆగితే చాలు.

బంధం ఇక్కడితో అయిపోలేదు. 1993లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ శాస్త్రవేత్తలు టీఎఫ్‌ఐఐహెచ్ అనే ప్రొటీన్ల గుంపును విప్పి చూశారు. జన్యువు మొదట్లో డీఎన్‌ఏ పోగులు విడదీసి పాలిమరేజ్‌కు దారి చేసేది ఈ గుంపే. అందులో తేలిందేంటంటే, అప్పటికే రిపేరు ప్రొటీన్‌గా పేరున్న ఎక్స్‌పీబీ. పొద్దున మెకానిక్, సాయంత్రం డ్రైవర్ అన్నమాట. ఈ గుంపులో లోపం వల్ల వచ్చే మరో జబ్బు ట్రైకోథయోడిస్ట్రోఫీ. పొట్టి పేరు టీటీడీ (తిరుమలతో సంబంధం లేదు!). అందులో వెంట్రుకలు పుల్లల్లా విరిగిపోతాయి. డీఎన్‌ఏ రిపేరుకూ జుట్టుకూ లింకేంటని అడిగితే జవాబు ట్రాన్స్‌క్రిప్షనే. గుంపు నిలకడగా లేక, జుట్టు ప్రొటీన్ల జన్యువుల్ని సరిపడా చదవలేకపోతుంది.

బ్యాక్టీరియాలో సీఎస్‌బీ లాంటి పని చేసేది ఎంఎఫ్‌డీ. ఇరుక్కున్న పాలిమరేజ్‌ను ఊడబెరికి రిపేరు బృందాన్ని పిలుస్తుందని అజీజ్ శాన్‌కార్ ల్యాబ్ 1993లో తేల్చింది. డీఎన్‌ఏ రిపేరు పరిశోధనలకే ఆయన 2015 కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నారు. తమాషా ఏమిటంటే, ఎంఎఫ్‌డీ తీసేసిన బ్యాక్టీరియా యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా మారడం నెమ్మదిస్తుందని 2019లో హౌరా మెరిఖ్ బృందం చూపించింది. పరీక్షించినవాటిలో క్షయ సూక్ష్మజీవి కూడా ఉంది. మందులకు లొంగని టీబీతో అల్లాడుతున్న మన దేశానికి ఇది చిన్న కబురు కాదు.

బీటెక్ వాళ్లకు ఇందులో ఏముంది?

చాలా ఉంది. ఎందుకంటే ఈ రంగం ఇప్పుడు డేటా మీద నడుస్తోంది. కత్తిరించి పారేసిన ఆ 30 అక్షరాల ముక్కలు టీఎఫ్‌ఐఐహెచ్‌ను అంటిపెట్టుకునే బయటికొస్తాయి. వాటిని పట్టుకుని సీక్వెన్సింగ్ చేసే ఎక్స్‌ఆర్-సీక్ పద్ధతిని శాన్‌కార్ ల్యాబే 2015లో ప్రకటించింది. కోట్ల కొద్దీ ముక్కల్ని జీనోమ్ మీద సరిచూసి లెక్కపెట్టే పని మైక్రోస్కోపుది కాదు, పైథాన్‌ది.

సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో బయోఇన్ఫర్మేటిక్స్‌కు ప్రత్యేక కేంద్రమే ఉంది. గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ పేపర్లకు తోడు 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ వచ్చింది. ఏ సంస్థ ఏ స్కోరు తీసుకుంటుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి. మొహమాటం లేకుండా ఒక మాట: రీసెర్చ్ ఫెలోషిప్‌ను ఐటీ ప్యాకేజీతో పోల్చుకుంటే నీరసం వస్తుంది. అది తెలిసే దిగండి.

దిగే ముందు ఒక వీకెండ్ ఖర్చుపెట్టండి. జియో అనే ఉచిత డేటాబేస్‌లో ఎక్స్‌ఆర్-సీక్ ఫైళ్లు ఉన్నాయి (సిమ్‌కార్డు జియో కాదు). ఎక్స్‌పీసీ లేని కణాలవి ఒకటి, సీఎస్‌బీ లేనివి ఒకటి తీసుకోండి. బోటైతో అలైన్ చేసి, ఒక్కో జన్యువులో ఏ పోగు మీద ఎన్ని ముక్కలు పడ్డాయో లెక్కేసి గ్రాఫ్ గీయండి. మొదటి రకంలో చురుగ్గా చదివే జన్యువుల దగ్గర టెంప్లేట్ పోగు గీత కొండలా లేస్తుంది. రెండో రకంలో రెండు గీతలూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి.